గుర్రం దాణా పద్దు

ఆదాయపు పన్ను శాఖ ఉన్నతాధికారి గారి దివ్యసముఖానికి, ఒక నెలజీతగాడు నమస్కరించి వ్రాసుకునే విన్నపం.

అయ్యా,

పాత పద్ధతిలో రిటర్ను వేద్దామని రసీదుల సంచీ బోర్లించాను. మా వాడి ఇంటర్ కాలేజీ రసీదులో ట్యూషన్ ఫీజు గోరంత, హాస్టలూ మెస్సూ కోచింగూ కొండంత. 80సీ కింద తమరు ఒప్పుకునేది ఆ గోరంతే. అదైనా పీఎఫ్, ఎల్‌ఐసీ, ఇంటి అప్పు అసలుతో కలిసి 1.5 లక్షల్లోనే ఒదిగి కూర్చోవాలి. ఆ పరిమితి 2014లో పెట్టింది పెట్టినట్టే ఉంది. హాస్టల్ ఫీజులకు ఆ స్థితప్రజ్ఞత లేదు మరి.

ఖర్చుల సంగతి సరే, నష్టాలైనా చూపిద్దామనుకున్నాను. కారు కొన్నధరలో సగానికి అమ్మాను. అది సొంత వాడకం వస్తువు కనుక ఆ నష్టం తమకు కనిపించదన్నారు ఆడిటరు గారు. మరి మా ఆవిడ మెళ్ళో గొలుసు? నగలు ఆ కోవలోకి రావట, మూలధన ఆస్తులట! అమ్మితే లాభం మీద పన్ను కట్టాలి. బంగారం నష్టానికి అమ్మినవాణ్ణి ఈమధ్య నేనైతే చూడలేదు.

ఆ మాటల్లోనే ఇంకో ముచ్చట తెలిసింది. పందెపు గుర్రాలను పోషించే దొరగారికి నష్టమొస్తే, దాన్ని నాలుగేళ్ళపాటు ముందుకు మోసుకెళ్ళి, గుర్రాల మీదే వచ్చే ఆదాయంలో తగ్గించుకోవచ్చట. మలక్‌పేటలో అదే గుర్రం మీద డబ్బు కాసి పోగొట్టుకున్నవాడికి మాత్రం ఏమీ లేదు. గెలిచాడా, 30 శాతం తమ వాటా. ఓడితే వాడి ఖర్మ. జూదగాళ్ళ తరఫున వకాల్తా నాకెందుకు గానీ, గుర్రానికి దక్కిన మర్యాద చూసి కడుపు మండింది.

పెళ్ళి లెక్క ఇంకా విడ్డూరం. వధూవరులకొచ్చిన చదివింపుల మీద పన్ను లేదు. మండపానికి, భోజనాలకు అప్పు చేసిన తండ్రికి పైసా మినహాయింపు లేదు. పైగా స్నేహితులు ఆ తండ్రి చేతికే కవర్లిచ్చి, ఆ ఏడాది మొత్తం 50 వేలు దాటితే, అది ఆయన ఆదాయమట!

కొత్త పద్ధతిలోకి వచ్చెయ్, 75 వేలు ప్రామాణిక తగ్గింపు ఇస్తాం, రసీదులు అడగం అంటారు తమరు. 12 లక్షల లోపు జీతగాళ్ళకు అది నిజంగా మేలే, కాదనను. ఆ గీత దాటి, ఇంటి అప్పూ ఇంటర్ పిల్లాడూ ఉన్నవాడి గోడు వేరు.

కాబట్టి కోరేదొక్కటే. మా వాడి మెస్ బిల్లును గుర్రం దాణా పద్దులోనైనా రాసుకోండి. నాలుగేళ్ళు మోస్తాను. వాడు పరుగెత్తి సంపాదించిననాడు సర్దుకుంటాను.

ఇట్లు,
తమరు ముందే కోసుకున్నాక మిగిలిన జీతం అందుకునేవాడు