ఇరవై నాలుగు క్రాఫ్టులు, ఒకే ఒక్క ర్యాంకు

హైదరాబాద్ రహమత్ నగర్‌లో ఖాళీ గోడ కనబడితే చెప్పండి, చూసిపోతాను. ఒక పక్క సినిమా పోస్టర్, ఇంకో పక్క స్కూలు ఫ్లెక్సీ. సినిమా పోస్టరే నయం. అంతా కల్పితమని తెర మీద ముందే రాసేస్తారు. ఫ్లెక్సీకి ఆ మాత్రం మొహమాటం కూడా లేదు. ప్రతి బిడ్డా ప్రత్యేకమట. మల్టిపుల్ ఇంటెలిజెన్స్ అట. చేసి నేర్చుకునే సైన్స్ అట. కింద పిల్లల ఫొటోలు. ఫొటోల కింద వాళ్ల ప్రత్యేకతలు రాశారా? మార్కులు రాశారు.

ప్రతి బిడ్డా ప్రత్యేకమైతే ఆ ఫ్లెక్సీలో టాపర్లే ఎందుకున్నారు? మిగతా ప్రత్యేకాలన్నీ ఏ సెక్షన్‌లో దాచారు?

ఆ లెక్క మనకు తెలియనిదా? ఏ సెక్షన్ అంటే మెరికలు. సి సెక్షన్ అంటే ఫీజులు. రోబో కిట్ వస్తే ఏ సెక్షన్‌కు. ఒలింపియాడ్ సారు ఏ సెక్షన్‌కు. సైన్స్ టూర్ బస్సులో సీట్లు ఏ సెక్షన్‌కు. సి సెక్షన్‌కు మాత్రం సాయంత్రం ఇంకో స్టడీ అవరు. పుస్తకం చదివితే బుర్రకెక్కని పిల్లాడికి వైద్యం ఏమిటయ్యా అంటే, అదే పుస్తకం ఇంకోసారి చదివించడం. ఇదీ మన ఎన్‌రిచ్‌మెంటు. నిండిన విస్తట్లోనే మళ్లీ వడ్డన.

పాపం హోవార్డ్ గార్డ్‌నర్. 1983లో 'ఫ్రేమ్స్ ఆఫ్ మైండ్' అని ఓ పుస్తకం రాశాడు. తెలివి ఒక్కటే కాదు, ఏడు రకాలన్నాడు. తర్వాత ప్రకృతిని గమనించే తెలివిని ఎనిమిదోదిగా చేర్చాడు. తన పేరు హైదరాబాద్ అడ్మిషన్ బ్రోచర్లలో ఇలా నలుగుతుందని ఆయనకేం తెలుసు? ఎనిమిది తెలివితేటలకూ కలిపి మనవాళ్లు పెట్టేది ఒకే పరీక్ష. అదీ బహుళైచ్ఛికం. నాలుగు గళ్లలో ఒకటి నింపు, అంతే.

ఇంతకన్నా ముదిరినవాళ్లూ ఉన్నారు. పిల్లాడి పది వేళ్లూ స్కాన్ చేసి వాడిలో ఏ తెలివి ఎంత శాతమో రంగుల రిపోర్టు చేతికిస్తారు. డీఎంఐటీ అని దానికో పేరు. దానికి శాస్త్రీయ ఆధారం లేదని మానసిక వైద్యులే చెప్పారు. వింటామా? వేలిముద్రలు వేసే రోజులు పోవాలనే కదా తాతలు నాన్నల్ని బడికి పంపారు. మనవడి తెలివి ఎంతో తెలుసుకోవడానికి మళ్లీ వేలిముద్ర! ఇంకా నయం, జాతకం కూడా జత చేయమనలేదు.

సరే, అంత దూరం వెళ్లనివాళ్లు మీవాడు విజువల్, మీ అమ్మాయి ఆడిటరీ అని చీటీ అతికించి పంపుతారు. 2008లో నలుగురు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ బాపతు అధ్యయనాలన్నీ జల్లెడ పట్టారు. పిల్లాడి 'శైలి' కనిపెట్టి, దానికి సరిపడా పాఠం చెబితే ఎక్కువ నేర్చుకుంటాడనడానికి చాలినంత రుజువు దొరకలేదు. నా తెలివితేటల సిద్ధాంతం వేరు, ఈ శైలుల గొడవ వేరు మహాప్రభో అని గార్డ్‌నరే 2013లో మొత్తుకున్నాడు. చీటీ అతికిస్తే పిల్లాడికి ఒరిగేదేమీ లేదు. ఒకే పాఠాన్ని కంటికీ చేతికీ నోటికీ కాలికీ పని కల్పిస్తూ చెబితే లాభం అందరికీ. కానీ చీటీ చవక. పాఠం కష్టం. మరి మేనేజ్‌మెంట్ ఏది ఎంచుకుంటుంది?

ఇక అసలు సంగతికి వద్దాం. ఈ బళ్లు ఉన్నది ఎక్కడ? రహమత్ నగర్‌లో. పక్కనే కృష్ణానగర్, యూసుఫ్‌గూడ, పైన జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్. ఏ గల్లీలో కేకేసినా సినిమా పని చేసే మనిషి పలుకుతాడు. సినిమావాళ్లు ఇరవై నాలుగు క్రాఫ్టులంటారు. అంటే గార్డ్‌నర్‌కు మూడింతలు! లైట్‌మన్‌ను డాన్స్ చేయమనరు. ఎడిటర్‌ను ఫైట్ చేయమనరు. ఎవరి చేతిలో ఏ పనితనం ఉందో దానికే కూలి కడతారు. ఆ కూలి సరిగ్గా కడతారా అన్నది వేరే వ్యంగ్యాస్త్రం. 2025 ఆగస్టులో 30 శాతం పెంచమని కార్మికులు షూటింగులు ఆపేశారు. చివరికి మూడేళ్లలో విడతలుగా 22.5 శాతానికి ఒప్పందమైంది. స్కూలు ఫీజు పెంచడానికి సమ్మె అక్కర్లేదు. ఒక వాట్సాప్ మెసేజ్ చాలు.

ఆ లైట్‌మన్‌నే చూడండి. టంగ్‌స్టన్ లైటు 3200 కెల్విన్, పగటి వెలుగు సుమారు 5600 కెల్విన్ అని అతనికి తెలుసు. రెండూ కలిస్తే రంగు చెడుతుందనీ, టంగ్‌స్టన్ మీద నీలం జెలటిన్ కట్టాలనీ తెలుసు. హీరోయిన్ మొహం మీద నీడ కరుగ్గా పడకూడదంటే లైటును నేరుగా వేయకుండా తెల్ల థర్మాకోల్ మీద కొట్టి మళ్లించాలనీ తెలుసు. బడి పుస్తకంలో దాని పేరు క్రమరహిత పరావర్తనం. అతని కొడుకు అదే పాఠం బట్టీ పడతాడు. పతన కోణం, పరావర్తన కోణం సమానమని పదిసార్లు రాస్తాడు. పదకొండోసారి పరీక్షలో తడబడతాడు. వెళ్లి సి సెక్షన్‌లో కూర్చుంటాడు. లైట్‌మన్ కొడుకును బడి లైట్ తీసుకుంది!

కెమెరాను ఎత్తే జిమ్మీజిబ్ క్రేను వెనక బరువులు ఎన్ని వేయాలో లెక్క తప్పితే కెమెరా నేలను ముద్దాడుతుంది. మీట సూత్రమంటే అదే. ఫైట్‌లో హీరో గాల్లో ఎగిరితే కప్పీ ఇవతల తాడు లాగేది రహమత్ నగర్ కండలు. బట్టలకు అద్దకం వేసే మనిషిది రసాయన శాస్త్రం. అడుగుల చప్పుడును స్టూడియోలో మళ్లీ పుట్టించే మనిషిది ధ్వని శాస్త్రం. వీళ్లలో ఒక్కరినైనా ఒక్క బడి ఒక్క పీరియడ్‌కు పిలిచిందా? పిలిస్తే బ్రాండ్ పడిపోదూ? గెస్ట్ అంటే కోటు వేసుకురావాలి. ఇంగ్లిష్‌లో మోటివేట్ చేయాలి.

కాంతి పాఠం ఒక్కటి చాలు. పని చేసే చేతులకు అద్దం, టార్చి, కోణమానిని ఇవ్వండి. బొమ్మలు గీసే పిల్లకు నీడల పటం అప్పగించండి. వాగుడుకాయకు పక్క సెక్షన్‌లో పాఠం చెప్పే పని. ఎవరితోనూ కలవని పిల్లాడికి పదిహేను రోజులు మధ్యాహ్నం పన్నెండింటికి కర్ర నీడ కొలిచే పని. వాడికన్నా ఓపిగ్గా ఎవడు కొలుస్తాడు? ఆ తర్వాత పనులు మార్చాలి. గీసినవాళ్లు కొలవాలి, కొలిచినవాడు మాట్లాడాలి. లేకపోతే మళ్లీ చీటీ అతికించినట్టే. ఖర్చంటారా? గోడ మీది ఫ్లెక్సీ అంత కూడా కాదు. గేటు దాటితే చుట్టూ దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి రాళ్లు. కాస్త దూరంలో కేబీఆర్ జాతీయ పార్కు. టూర్ మాత్రం వాటర్ పార్కుకే!

ఇలాంటి పాఠాలకు బదులు మనకు ఫిబ్రవరి 28 ఉంది. రామన్ ఎఫెక్ట్ కనుగొన్న రోజు, బళ్లలో సైన్స్ డే. ఆ రోజు థర్మాకోల్ అగ్నిపర్వతం బద్దలవుతుంది. వంట సోడా, వెనిగర్ పొంగుతాయి. సిరంజిల క్రేను లేస్తుంది. మోటారు కొనేది నాన్న, అతికించేది అమ్మ, సెల్ఫీ దిగేది ప్రిన్సిపాల్. పిల్లాడి పనేమిటి? టై సర్దుకుని, బట్టీ పట్టిన రెండు నిమిషాల ఇంగ్లిష్ అప్పజెప్పడం. సముద్రం నీలంగా ఎందుకుందని రామన్ అడిగాడు. మన బళ్లో అడిగితే సిలబస్‌లో లేదు, కూర్చో అంటారు.

ఇంటర్‌కు వెళ్తే ఈ నాటకానికి మార్కులు కూడా పడతాయి. ప్రాక్టికల్స్ ముప్పైకి ముప్పై. బ్యూరెట్ పట్టుకోవడం రానివాడికీ ముప్పయ్యే. సాల్ట్ పేరు ముందే చెవిన పడుతుంది, రికార్డు ఎవరో రాసిపెడతారు. 2025లో ల్యాబుల్లో సీసీ కెమెరాలు పెడతామని ఇంటర్ బోర్డు అనాల్సి వచ్చింది. సైన్స్ ప్రయోగానికి నిఘా! సినిమా సెట్టులో ల్యాబ్ వేస్తే కనీసం రంగునీళ్లైనా పోస్తారు.

సర్కారు తక్కువేం తినలేదు. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల్లో పది రోజులు సంచి లేకుండా వడ్రంగి, కుమ్మరి, తోటమాలి వంటి వాళ్ల దగ్గర పని నేర్పమంది. 2016 నుంచి అటల్ టింకరింగ్ ల్యాబులున్నాయి, ఒక్కో బడికి 20 లక్షల దాకా సాయం. బాగా వాడే టీచర్లున్నారు, వాళ్లకు దండం. మిగతా చోట్ల 3డీ ప్రింటర్ ముసుగు తన్ని పడుకుంటుంది, పాడైతే ఎవరు కడతారని. టెన్త్‌లో 20 ఇంటర్నల్ మార్కులు ప్రాజెక్టులూ ప్రయోగాల కోసమన్నారు, అందరికీ పంచిపెట్టారు. 2024 నవంబరులో వాటిని ఎత్తేస్తామన్నారు, మర్నాడే ఆ ఏడాదికి కాదన్నారు. ప్రయోగం అసలు జరుగుతోందా అని మాత్రం ఎవరూ అడగలేదు. 2025 నవంబరు జూబ్లీహిల్స్ ఉప ఎన్నికకు పార్టీలన్నీ ఈ గల్లీలు దున్నేశాయి. సర్కారు బడి ల్యాబ్ అనే మాట మీకెవరికైనా వినబడిందా? డీజే మోతలో నాకైతే వినబడలేదు. అప్పటికి విద్యాశాఖ సాక్షాత్తూ ముఖ్యమంత్రి దగ్గరే ఉంది.

యల్లాప్రగడ సుబ్బారావు బొమ్మ ప్రతి బడి గోడ మీదా ఉండాల్సిందే అంటారు. భీమవరం బిడ్డ, మందుల మాంత్రికుడు. మెట్రిక్యులేషన్ గట్టెక్కింది మూడో ప్రయత్నంలో. ఇవాళ అయితే మొదటిసారి తప్పగానే ఏ సెక్షన్‌కు పంపేవారో ప్రిన్సిపాల్ గారే చెప్పాలి.

తల్లిదండ్రులకు ఒక్క మాట. జూన్‌లో ఫీజు కట్టేముందు ఏసీ రిసెప్షన్ దాటి లోపలికి నడవండి. ల్యాబ్ తెరవమనండి. బెంచీ మీద వేలితో గీయండి, దుమ్ము ఎంతుందో చూడండి. సి సెక్షన్ పిల్లలు ఇందులోకి వారానికి ఎన్నిసార్లు వస్తారో అడగండి. తాళం అటెండర్ దగ్గరుంది, అటెండర్ సెలవులో ఉన్నాడు అంటారా? మీరూ చెప్పండి: డబ్బు బీరువాలో ఉంది, బీరువా తాళం దొరకడం లేదని.