జారేది ఒకచోట, రబ్బరు ఇంకోచోట

హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల అసోసియేషన్లకు ఇప్పుడు రబ్బరు నేల మోజు పట్టుకుంది. కార్పస్ ఫండ్‌లో నాలుగు డబ్బులు మూలుగుతుంటే చాలు, జనరల్ బాడీ మీటింగులో కేటలాగు తెరుచుకుంటుంది. అడుగున పాత టైర్ల నల్ల గుళికలు, పైన ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు రంగు గుళికలు, రెంటినీ పట్టి ఉంచడానికి పాలీయురేథేన్ జిగురు. ఇక ఎవరూ జారిపడరని సెక్రటరీగారి హామీ. నిజమే, రబ్బరు పరిచే ఆటస్థలంలో ఇదివరకూ ఎవరూ జారిపడలేదు. జారిపడేది మెట్ల మీద, లిఫ్టు ముందు, సెల్లార్ ర్యాంపు మీద. అక్కడ ముఖం చూసుకునేలా పాలిష్ పట్టిన గ్రానైటు ఉంటుంది. మోటారు ఆపడం మరిచిన రోజున ట్యాంకు పొంగి, గంగావతరణం ఆ మెట్ల మీదుగానే జరుగుతుంది. పాలప్యాకెట్ కోసం దిగే పెద్దాయనకు ఆ నునుపే గండం. అయినా ఆ గ్రానైటును ఎవరూ ముట్టుకోరు. ఫ్లాటుకు రేటు పలికించేది ఆ మెరుపే కదా!

మరి పిల్లల మాటేమిటంటారు. సబబైన ప్రశ్నే. ఉయ్యాల, జారుడుబల్ల కింద మెత్తని నేల కావాల్సిందే. అయితే అక్కడ చూడాల్సింది జారుడు కాదు, దెబ్బను మింగే మందం. ఎంత ఎత్తు నుంచి పడితే తలకు ముప్పో పరీక్షించడానికి యూరప్‌లో ఈఎన్ 1177 అనే ప్రమాణమే ఉంది. ఎత్తు పెరిగేకొద్దీ రబ్బరు మందమూ పెరగాలి. మన మీటింగుల్లో రంగు మీద గంటసేపు చర్చ, మందం మీద మౌనం. ఆ మాటకొస్తే తగినంత లోతున పోసిన ఇసుకను కూడా యూరప్‌లో ఆటస్థలాలకు ఒప్పుకుంటారు. కాకపోతే ఇసుక ముందు రిబ్బను కత్తిరిస్తే ఫొటో బాగుండదు.

పాత టైర్లు సద్వినియోగమవుతున్నాయన్నది రెండో వాదం. చెత్తకుప్పలో కాలడం కంటే మేలే, ఒప్పుకుందాం. కానీ ఏళ్ల తరబడి ఎండకు జిగురు పట్టు సడలితే గుళికలు రాలి కాలవ పాలవుతాయి. ఆటస్థలాల్లో వదులుగా పరిచే గుళికల్లో కొన్ని క్యాన్సర్ కారక హైడ్రోకార్బన్లు కిలోకు 20 మిల్లీగ్రాములు మించరాదని యూరోపియన్ యూనియన్ 2022 నుంచి కట్టడి చేసింది. కృత్రిమ పచ్చికలో చల్లే గుళికల అమ్మకానికి 2031 గడువు పెట్టింది. జిగురుతో అతికిన నేల ఆ లెక్కలోకి రాదు. రాలడం మొదలైతే మాత్రం తేడా ఎంత? ఇక మే నెలలో గాలే 40 డిగ్రీలు దాటితే, ముదురు రంగు రబ్బరు అంతకు ఎంతో మించి కాగుతుంది. చెప్పుల్లేని పిల్లవాడు దాని మీద జారడు సరే, నిలబడనూ లేడు.

జారుడుకు మూలం నునుపు, నీళ్లు, పాచి. మెట్ల అంచున గాట్లు పెట్టించడానికి, ర్యాంపు మీద గరుకు రాయి వేయించడానికి, వానాకాలంలో పాచి గీకించడానికి ప్రారంభోత్సవం ఉండదు, శిలాఫలకం మీద ట్రెజరర్ పేరూ పడదు. పైగా కింద వాలు సరిగా లేకపోతే రబ్బరు మీదా నీళ్లు నిలిచి పాచే పడుతుంది. కనుక సభ్యులకు మనవి: ఏ రంగని ఓటింగు పెట్టేముందు ట్యాంకుకు ఓ ఫ్లోట్ వాల్వు, మెట్లకు గాట్లు మంజూరు చేయించండి. మిగిలిన డబ్బుతో ఉయ్యాల కింద రబ్బరు వేసుకోండి.