గాలిపంపు పద్యం: టీకా తాత్పర్య సహితం

ఆ.వె.
బుడగ చూచి మురిసి పొంగకు మిత్రమా
పైన నీటి తెరను పగలగొట్టు
రాత్రి పంపునాపి రక్షింపలేవయా
ఉప్పునీట గాలి యుండు కొంతె

అవతారిక: ఇంట్లో సముద్రపు అక్వేరియం పెట్టుకుని, అర్ధరాత్రి మోటారు చప్పుడుకు నిద్రపట్టక స్విచ్చి మీద చెయ్యి వేసిన గృహస్థునికి, చేపల పక్షాన కవి చేసిన హితబోధ ఇది.

ప్రతిపదార్థం: మిత్రమా = ఓ అక్వేరియం యజమానీ; బుడగన్ + చూచి = ఎయిర్ స్టోన్ నుంచి బిలబిల లేచే గాలిబుడగలను చూసి; మురిసి పొంగకు = ఇక చేపలకు ఢోకా లేదని సంబరపడకు; పైన = తొట్టి ఉపరితలమందు; నీటి తెరను = కదలిక లేక నిగనిగలాడే పొరను; పగలగొట్టు = అలలు రేగేటట్టు చేయుము; రాత్రి = లైట్లు ఆరిన పిమ్మట; పంపున్ + ఆపి = చప్పుడుకు విసిగి గాని, కరెంటు బిల్లుకు జడిసి గాని ఆపి; రక్షింపలేవు = కాపాడజాలవు; (ఏలననగా) ఉప్పునీటన్ = సముద్రజలమునందు; గాలి = ఆక్సిజన్; కొంతె యుండు = కొంచెమే ఉంటుంది.

వ్యాఖ్య: హేతువు నాలుగో పాదంలో ఉంది కాబట్టి అక్కడి నుంచే వద్దాం. 26 డిగ్రీల దగ్గర మంచినీళ్లు లీటరుకు 8 మిల్లీగ్రాముల పైచిలుకు ఆక్సిజన్ పట్టుకోగలవు. అదే వేడిమిలో సముద్రపు నీళ్లకు 6.6 దగ్గరే హద్దు. ఉప్పు పెరిగినా వేడి పెరిగినా ఆ హద్దు ఇంకా దిగుతుంది. మే నెల విజయవాడలో ఏసీ లేని గదిని తలచుకోండి: నీళ్లలో ఆక్సిజన్ తగ్గేది అప్పుడే, చేప ఎక్కువ అడిగేదీ అప్పుడే. కొర్రమీనైతే పైకొచ్చి నోటితో గాలి మింగి గట్టెక్కుతుంది. క్లౌన్ ఫిష్‌కు ఆ విద్య రాదు.

ఇక్కడ పూర్వపక్షి లేచి, “బుడగలో ఉన్నది గాలే కదా, అది నీళ్లలో కరగదా?” అంటాడు. కరుగుతుంది, కొద్దిగా. రెండడుగుల లోతు తొట్టిలో పెద్ద బుడగ పైకి చేరడానికి ఎంతసేపు? అది చేసే అసలు ఉపకారం అడుగునీటిని మీదికి లాగి, పైపొరను చెదరగొట్టడం. ఆక్సిజన్ లోపలికి, కార్బన్ డయాక్సైడ్ బయటికి సాగే బేరమంతా చాలావరకు ఆ పైపొర దగ్గరే. ఆ పనికి తొట్టిలో నీటిని చిమ్మే చిన్న పంపు, అదే పవర్ హెడ్, మూతిని కాస్త పైకి తిప్పి పెడితే చాలు. పైగా ఉప్పునీటిలో బుడగలు చిట్లితే తుంపరలు ఎగిరి మూత మీదా లైట్ల మీదా తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. తుడిచేవాడికి తెలుస్తుంది ఆ బాధ. ప్రొటీన్ స్కిమ్మర్ బుడగలను మాత్రం కవి నిందించడం లేదు. అవి నలుసంత సన్నం, నీటితో చాలాసేపు కలిసి తిరుగుతాయి, మురికినీ నురగగా పట్టి బయటికి తోస్తాయి.

“తెర” అనడంలో మరో ధ్వని ఉంది. మేత జిడ్డు నీటి మీద మీగడలా కట్టి గాలికి అడ్డుపడుతుంది. పైనీటిని ఓవర్‌ఫ్లో ద్వారా సంప్‌లోకి, అంటే కింది తొట్టిలోకి, జార్చేవారికి ఆ బెడద తక్కువ.

“రాత్రి” అని ఎందుకన్నాడు? పగలు పగడాల ఒంట్లోని నాచుకణాలు వెలుతురు తిని ఆక్సిజన్ వదులుతాయి. దీపం ఆరాక అవీ చేపలతో పాటు పీల్చుకునే వరుసలో నిలబడతాయి. తెల్లవారుజాముకు ఆక్సిజన్ మట్టం బాగా అడుగంటుతుంది. కరెంటు పోయేది కూడా ఆ వేళకేనని నా అనుమానం. ఇన్వర్టర్ మీద టీవీ కన్నా ముందు పంపు ఉండాలి. అదీ లేకుంటే బ్యాటరీ ఎయిర్ పంపు, అదీ లేకుంటే చెంబుతో ముంచి ఎత్తి పోయడం. కరెంటు వచ్చేదాకా మేత వేయరాదు.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో “రాత్రి లైటునాపి” అని ఉంది. గణాలూ యతీ రెండింటికీ సరిపోతాయి కాబట్టి ఛందస్సు తీర్పు చెప్పదు. చేపలకు చీకటి కావాలి గనుక ఇది లేఖక దోషమని కొందరు కొట్టేశారు. అయితే సంప్‌లో నాచు పెంచేవారు పైతొట్టి ఆరాక అక్కడ దీపం వెలిగిస్తారు, రాత్రంతా ఆ నాచు ఆక్సిజన్ ఇస్తూనే ఉంటుంది. ఆ దీపమే ఇక్కడి లైటని సమర్థించవచ్చు గాని, పంపు ఆగితే సంప్‌లో పుట్టిన ఆక్సిజన్ పైతొట్టికి ఎక్కే దారే లేదు. కనుక మొదటి పాఠమే గ్రాహ్యం.