స్టేక్‌హౌస్ పద్యం: టీకా తాత్పర్య సహితం

ఆ.వె.
నాప వైను పోసె నలుగురి గ్లాసుల,
స్టేకు కోసి తినుచు చేరి నవ్వ
వగరు మెత్తనయ్యె, వాదము లాగెను;
బిల్లు రాగ వారు బీదలైరి.

సందర్భం: శాన్‌హోసేలో శుక్రవారం రాత్రి నలుగురు తెలుగు మిత్రులు స్టేక్‌హౌస్‌లో చేరినప్పటిది.

టీక: నాప వైను = నాపా లోయలో పండిన కాబర్నే సావిన్యాన్ (హ్రస్వం ఛందస్సు కోసం; ధరకు హ్రస్వం లేదు); స్టేకు = కొవ్వు చారలున్న రిబ్ ఐ, మీడియం రేర్; వగరు = టానిన్; వాదములు = గ్రీన్‌కార్డు, ఇంటి వడ్డీ, ఏ హీరో గొప్ప అనేవి. తక్కినవి సులభాలు.

వ్యాఖ్య: ‘పోసె’కు కర్త కనబడడు. వైను వడ్డించే సొమెలియేని అధ్యాహారం చేసుకోవాలి. ఆయన ముందు ఒక్క గుక్క పోసి ఆగుతాడు. నచ్చిందా అని కాదు, బిరడా చెడి తడిసిన అట్ట వాసన పట్టిందేమో చూడమని. మనవాళ్లు కళ్లు మూసుకుని ‘సూపర్’ అంటారు.

‘వగరు మెత్తనయ్యె’ అన్నదే పద్యానికి ఆయువుపట్టు. తొక్కల్లోంచీ గింజల్లోంచీ వచ్చిన టానిన్ లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుంటుంది, నోరు ఎండిపోతుంది. మాంసంలోని ప్రోటీనూ కొవ్వూ ఉప్పూ అడ్డుపడితే ఆ పట్టు సడలుతుంది. దీన్ని అతిశయోక్తి అనేవాళ్లు ఖాళీ కడుపున తాగినవాళ్లై ఉండాలి. ఇది శుద్ధ స్వభావోక్తి. పైగా ద్రాక్షతో చేసిందే అయినా ద్రాక్షాపాకం కాదు, నారికేళపాకం.

పాఠాంతరం: గొడ్డుమాంసం ముట్టనివారి ప్రతుల్లో ‘స్టేకు’ స్థానంలో ‘చాపు’ (ల్యాంబ్ చాప్) అని ఉంది. గొర్రెపిల్ల మాంసంలోనూ కొవ్వు ఉంది కనుక యతి చెడినా అర్థం చెడదు. ‘సాల్మన్’ అన్న పాఠంలో యతితోపాటు రుచీ చెడుతుంది. చేపతో ఎర్ర వైను ఇనుము వాసన వేస్తుంది.

పూర్వపక్షం: ఫ్రాన్సులో బోర్దో వైను ఉండగా నాపా ఏమిటి?

సమాధానం: 1976 మే 24న పారిస్‌లో ఫ్రెంచి నిర్ణేతలే సీసాల పేర్లు తెలియకుండా రుచి చూసి, నాపాకు చెందిన స్టాగ్స్ లీప్ వైన్ సెల్లర్స్ 1973 కాబర్నేని ఎర్ర వైన్లలో మొదట నిలబెట్టారు. వంశశుద్ధి మాట ఎత్తారా, ఈ ద్రాక్షకు కన్నవారు ఎర్ర కాబర్నే ఫ్రాంక్, తెల్ల సావిన్యాన్ బ్లాంక్ అని 1997లో డీఎన్‌ఏ పరీక్ష తేల్చింది. వర్ణసంకరం ఇంత రుచిగా ఉంటుందని ధర్మశాస్త్రాలు ఎక్కడా చెప్పలేదు.

తాత్పర్యం: వైను గొప్పతనంలో సగం పళ్లెంలో ఉంది, బిల్లులో సగం సీసాలో ఉంది. దుకాణం ధరకు రెండు మూడు రెట్లు వేయడం హోటళ్లకు మామూలే. సొంత సీసా పట్టుకెళ్లదలచినవారు కార్కేజీ (దాన్ని తెరిచి పోసే రుసుము) ఎంతో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.