అవ్వ ఫొటో

పోయిన ఎండాకాలం నందికొట్కూరులో మా పాత ఇంటి అటక మీది ట్రంకుపెట్టె దించాను. టీవీలో కనిపించడం మానేసి అప్పటికి నాలుగేళ్లయింది. ఫొటోలన్నీ చాప మీద పరుచుకుని చూస్తూ కూర్చుంటే, ఒక గంట గడిచాక నాకు భయం వేసింది. అన్నింట్లోనూ నేనే ఉన్నాను. 2012లో మల్యాల దగ్గర హంద్రీ–నీవా పంపులు నీళ్లు పోసిన రోజు నేను, చేతిలో మైకు. రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం గడ్డిలో పొద్దున్నే కాపు కాసినప్పుడు నేను, మైకు; పిట్ట లేదు. కేసీ కాలువ నీళ్ల కోసం రోడ్డెక్కిన రైతులు నా భుజం వెనక మసగ్గా ఉన్నారు, ఒక్కరి మొహం కూడా తెలియడం లేదు.

నేను లేని ఫొటో ఒకే ఒక్కటి దొరికింది. పాత స్క్రిప్టు కాగితాల మధ్య, ఒక ఖాకీ కవర్లో. నలుపు తెలుపు బొమ్మ. మట్టిమిద్దె, దాని ముందు అరుగు, అరుగు మీద మొగుడూ పెళ్లామూ బిగుసుకుని కూర్చున్నారు. ఎడమ పక్క ఒక చెట్టు. కుడి అంచున ఎవరిదో మోచేయి.

ఆ ఫొటో నాది కాదు. ఇరవై ఏళ్లకు పైగా నా దగ్గర ఉండిపోయింది.

2003 ఎండాకాలం. శ్రీశైలం జలాశయం బాగా అడుగంటి సంగమేశ్వరం గుడి బయటపడింది. 885 అడుగుల నిండు మట్టానికి నీళ్లు చేరితే ఆ గుడి కనబడదు; అందులోని వేపమాను లింగం ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్ల కిందే ఉంటుంది. చానెల్‌కు మంచి విజువల్స్. కానీ గుడి ఒక్కటే చూపిస్తే చాలదనిపించింది. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు శ్రీశైలం. 1981లో నీళ్లు నింపడానికి మా నదీతీరం ఊళ్లను ఖాళీ చేయించారు. రెండు పక్కలా వందకు పైగా ఊళ్లు పోయాయి. చాలామందికి బువ్వ వండుకుంటున్న పొయ్యిలు ఆర్పి బయటికి రావడమే గుర్తు. ఇంటికొకరికి ఉద్యోగమిస్తామని 1986లో 98 జీవో వచ్చింది. ఆ నంబరు చెప్పి ఆఫీసుల చుట్టూ తిరిగిన కొడుకులు నందికొట్కూరు చుట్టుపక్కల ఏ ముంపు కాలనీలో అడిగినా ఉంటారు.

అలాంటి ఒక కాలనీలోనే అవ్వ కనబడింది. నేను అడక్కుండానే లోపలికి పోయి, బియ్యం డబ్బాలోంచి గుడ్డలో చుట్టిన ఫొటో తీసుకొచ్చింది. "మా ఇంటికి ఉండే గురుతు ఇదొక్కటే నాయనా" అంది. నాకు ఒళ్లు పులకరించింది. తీసుకుపోయి సంగమేశ్వరంలో నీళ్ల అంచున రాయి మీద పెట్టి షాట్ తీయించుకున్నాను. వెనక అలలు, ముందు మునిగిన ఇల్లు. ఇవాళ కూడా ఆ షాట్ మంచిదే అంటాను. దాన్ని తెర నిండా చూపించాలని ఫొటోను కూడా క్యాసెట్‌తో పాటు కవర్లో పెట్టి, రాత్రి హైదరాబాద్ బస్సు డ్రైవర్‌కు ఇచ్చాను. అప్పట్లో మా వార్తలన్నీ అట్లా బస్సెక్కి పోవాల్సిందే.

"ఎప్పుడు తెచ్చిస్తావు?" అని అడిగింది అవ్వ. వారంలో అన్నాను.

స్టోరీ వచ్చింది. ఫోన్లు వచ్చాయి. నెల తర్వాత పటేల్ సెంటర్‌లో అవ్వ ఎదురైతే, "టీవీలో చూసినావా అవ్వా?" అని ఉత్సాహంగా అడిగాను. "ఎవరో చూసినామన్నారు నాయనా. పోటో ఏది?" అంది. హైదరాబాద్‌లో ఉందన్నాను. అప్పటికి అది నిజం. మరో రెండు నెలలకు కవరు తిరిగొచ్చింది. ఆ తర్వాత కూడా రెండుసార్లు అదే మాట చెప్పాను, అప్పటికది అబద్ధం. కాలనీ దాకా పోవడానికి బండి మీద పావుగంట. ఆ పావుగంట నాకు దొరకలేదు. టీవీలో చూపించాం కదా, లోకమంతా చూసింది కదా, అంతకన్నా ఆ ముసలామెకు ఏం కావాలి అని నిజంగా అనుకున్నాను. నా జీవితంలో ఇంత తెలివిమాలిన ఆలోచన మరొకటి లేదు. తర్వాత కర్నూలుకు మారిపోయాను. ట్రంకుపెట్టె ఇక్కడే ఉండిపోయింది.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కర్నూలు మీద పడ్డాయి. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చిన రోజులవి. నడుం లోతు నీళ్లలో మైకు పట్టుకున్న నా ఫొటోను అందరూ మెచ్చుకున్నారు. వరద తీశాక పాతబస్తీలో ఒక మేడ మీద ఒక తల్లి పెళ్లి ఆల్బం విప్పి, అతుక్కుపోయిన ఫొటోలు ఒక్కొక్కటే ఊడదీసి ఎండలో ఆరబెడుతోంది. మొహాల మీది రంగు ఆమె వేళ్లకు అంటుకుంటోంది. నేను కెమెరా వైపు తిరిగి, ఇల్లు మళ్లీ కట్టుకోవచ్చు గానీ ఈ జ్ఞాపకాలను ఎవరు తెచ్చిస్తారని గొంతు వణికేలా చెప్పాను. ఆ వణుకు నటన కాదు. ఆ నిమిషంలో అవ్వ ఫొటో మా అటక మీద తడి తగలకుండా భద్రంగా ఉంది. నాకు గుర్తు రాలేదు.

పోయిన ఎండాకాలం పెట్టెలో ఫొటో దొరికాక మాత్రం పావుగంట దొరికింది. పోయాను. అవ్వ చనిపోయి పదకొండేళ్లయిందట. దినాలకు గోడకు పెట్టడానికి ఫొటో లేకపోతే ఓటరు కార్డులోది పెద్దది చేయించారట. అది గోడ మీద ఉంది. కళ్లు, ముక్కు కలిసిపోయి మసకమసకగా. మనవరాలు డిగ్రీ చదువుతోంది. నేను కవరు ఇచ్చి, జరిగింది దాచకుండా చెప్పాను. ఆ పిల్ల నన్నేమీ అనలేదు. ఫొటోను వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది.

"మా జేజి ఇంత పొడుగుండేదా!" అంది. తర్వాత, "అన్నా, ఈ చెట్టు ఏం చెట్టు?" అని అడిగింది.

నాకు తెలియదు. ఆ రోజు అవ్వ ముందు మైకు పెట్టి, ఊరు మునిగితే మీకు ఏమనిపించింది అని మూడుసార్లు అడిగాను, కన్నీళ్లు వచ్చేదాకా. చెట్టు సంగతి అడగలేదు. అరుగు మీద ఎవరెవరు కూర్చునేవాళ్లో, మొగుడి పేరేంటో కూడా అడగలేదు.

ఆ పిల్ల ఫొటో తీసుకుని పక్కింటికి పోయింది. అక్కడ మంచం మీద ఒక పెద్దాయన ఉన్నాడు. అద్దాలు తుడుచుకుని, బొమ్మను కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు. "బాదం చెట్టు. నాటు బాదం. కాయలకు రాళ్లేసి తిట్లు తినేటోళ్లం" అన్నాడు. అరుగు రాయి ఏ వాగు నుంచి బండి మీద తెచ్చిందీ చెప్పాడు. ఆ గుమ్మంలోంచి ఎన్ని మెట్లు దిగితే నది అందేదో చెప్పాడు. నా దగ్గర మైకు లేదు, కెమెరా లేదు. కింద కూర్చుని విన్నాను.

చివరికి ఆయన వేలు ఫొటో కుడి అంచుకు పోయి ఆగింది.

"ఈ మోచెయ్యి మా తమ్మునిది" అన్నాడు.