పేజీకి రెండు రూపాయల పేపర్‌లెస్ చదువు

మా మేనకోడలు డిగ్రీ చదువుతోంది. మఠంపల్లిలో పొద్దున్నే బస్సెక్కి పోయి, పొద్దుగూకాక వస్తుంది. కాలేజీ పేరు చెప్పను. చెబితే ఆ పిల్ల ఇంటర్నల్ మార్కులకు గండం. ఆ కాలేజీ ఈ ఏడు 'పేపర్‌లెస్' అయింది. అంటే నోట్సు చేతికివ్వరు, పోర్టల్‌లో పెడతారు. పెట్టినదాన్ని కళ్లారా చూడొచ్చు. డౌన్‌లోడ్ చేసుకోకూడదు, ప్రింట్ తీయకూడదు, ఒక వాక్యమైనా కాపీ కొట్టకూడదు.

మా మండలంలోనే, కృష్ణ ఒడ్డున, మట్టపల్లి నరసింహస్వామి ఉన్నాడు. ఆయన్నీ దూరం నుంచే చూసి దండం పెట్టుకుంటాం. కానీ తిరిగొచ్చేటప్పుడు పిడికెడు ప్రసాదమైనా చేతిలో పెడతారు. పోర్టల్ దగ్గర దర్శనమే తప్ప ప్రసాదం లేదు.

ఆ దర్శనం కూడా ఊరికే దొరకదు. పది నిమిషాలు వేలు కదపకపోతే పోర్టల్ బయటికి నెట్టేస్తుంది. మళ్లీ లోపలికి పోవాలంటే ఓటీపీ కావాలి. ఓటీపీ ఏమో అడ్మిషన్ రోజున రాయించిన నంబరుకు, అంటే మా బావ ఫోనుకు పోతుంది. బావ మిరపతోటలో మందు కొడుతుంటాడు. చేతులు కడుక్కుని, ఫోను తీసి, "నాలుగు, తొమ్మిది... ఆగమ్మా, ఇది బ్యాంకోళ్లది" అనేలోపు ఓటీపీ గడువు మూడు నిమిషాలూ అయిపోతాయి. ఇదంతా ఒక్క అధ్యాయం చదవడానికి. విద్యార్థి కదలకుండా ఆలోచిస్తూ కూర్చుంటాడన్న అనుమానం ఆ పోర్టల్ కట్టినవాళ్లకు రాలేదు. వాళ్ల అనుభవం వాళ్లది.

ఇక పిల్లలు ఏం చేస్తారు? స్క్రీన్‌షాట్ తీస్తారు. మా పిల్ల అర్థశాస్త్రం నోట్సు 214 పేజీలు, 214 స్క్రీన్‌షాట్లు. అన్నీ వాట్సాప్‌లో జిరాక్స్ షాపుకు పోయాయి. ప్రింట్లు తేవడానికి నేనే వెళ్లాను. ఒక్కో పేజీ నెత్తిన టైము, సిగ్నల్, బ్యాటరీ శాతం. పేజీకి అడ్డంగా, మూల నుంచి మూలకు, అమ్మాయి రోల్ నంబరు వాటర్‌మార్కు. బ్యాటరీ 31 శాతంతో మొదలైన డిమాండ్ సిద్ధాంతం 9 శాతానికి వచ్చేసరికి ముగిసింది. పదిహేడో పేజీలో క్షీణోపాంత ప్రయోజన సూత్రం నిర్వచనం ఉండాల్సిన చోట మా అక్క పంపిన మెసేజ్ అచ్చయింది: "వచ్చేటప్పుడు పెరుగు ప్యాకెట్ తే." ఒక ప్యాకెట్ తిన్నాక రెండోదాని మీద మోజు తగ్గుతుందనేదే ఆ సూత్రం కాబట్టి, నిర్వచనం పోయినా ఉదాహరణ దక్కింది.

కొన్ని పేజీలు స్లైడ్లు. ముదురు నీలం మీద పసుపు అక్షరాలు. నలుపు తెలుపులో తీస్తే అమావాస్య నాడు నల్లపిల్లిని వెతికినట్టుంది. "టోనరంతా ఇదే తాగేస్తందన్నా, వీటికి పేజీకి మూడు రూపాయలు" అన్నాడు షాపతను. మామూలు పేజీకి రెండు. నీలాన్ని పక్కనబెట్టి లెక్కేసినా ఒక్క సబ్జెక్టుకు 428 రూపాయలు. అలాంటివి ఐదు. ఇంటికొచ్చి ఫీజు రసీదు చూశాను. 'డిజిటల్ లెర్నింగ్' అని దానికో వరస, దానికో మొత్తం. ఆ రసీదు మాత్రం కాగితం మీదే ఇచ్చారు.

కాలేజీ వాళ్లను అడిగితే చెట్ల మాట ఎత్తుతారు. కాగితం మానేసి చెట్లను కాపాడుతున్నారట. గుట్టల్లోని సున్నపురాయి లారీలకెక్కి సిమెంటు ఫ్యాక్టరీలకు పోయే మండలం మాది. ఇక్కడ ప్రకృతి మీద ప్రేమ పొంగి, పొంగి, చివరికి ఒక డిగ్రీ పిల్ల నోట్సు మీద పడింది. అన్నట్టు, ఖమ్మం వైపు పొలాల్లో జామాయిలు, సుబాబులు వేసేదే కాగితం మిల్లుకు అమ్ముకోవడానికి. ఆ చెట్టును కాపాడితే ముందు ఏడ్చేది దాన్ని నాటిన రైతే. అయినా కాగితం ఎక్కడ తగ్గింది? కాలేజీ మెషీన్‌లో రెండు వైపులా అచ్చయి తక్కువలో పోయేది, ఇప్పుడు షాపులో ఒకవైపే అచ్చవుతోంది. కాగితం రెట్టింపైంది, బిల్లు మా బావకు మారింది.

ఈ విషయంలో దూరవిద్య నడిపే ఇగ్నోను మెచ్చుకోవాలి. పుస్తకాలు వద్దు, డిజిటల్ చాలు అని రాసిచ్చినవాళ్లకు ప్రోగ్రాం ఫీజులో 15 శాతం తగ్గించే పద్ధతి పెట్టింది. కాగితానికి ఖరీదుందని, అది మిగిలితే మిగిలింది విద్యార్థిదేనని ఒప్పుకుంది.

దూరవిద్య మనకు కొత్తా? దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది మన దగ్గరే, 1982లో. ఇప్పుడది అంబేడ్కర్ పేరుతో ఉంది. నేను డిగ్రీ చదివింది అందులోనే. స్టడీ సెంటర్‌కు పోతే పుస్తకాల కట్ట చేతిలో పెట్టారు. కరెంటు పోయినా, బస్సు చెడిపోయినా చదువుకున్నాను. ఆ పుస్తకాలు కొన్ని ఇంకా మా అటక మీదున్నాయి. ఇన్నేళ్లలో ఒక్కటి కూడా లాగౌట్ కాలేదు.

చెట్ల వాదన నిలబడకపోతే కాపీరైట్ తీస్తారు. మేధోసంపత్తి దొంగలపాలవుతుందని తాళం వేశారట. ఈ తగువు ఢిల్లీలో ఎప్పుడో తేలింది. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలో రామేశ్వరి అనే జిరాక్స్ షాపు, పాఠానికి కావలసిన అధ్యాయాలు కలిపి కట్టలు కట్టి పిల్లలకు అమ్మేది. 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్, మూడు మహాసంస్థలూ కలిసి ఆ చిన్న షాపు మీదా ఢిల్లీ విశ్వవిద్యాలయం మీదా కేసు వేశాయి. 2016 సెప్టెంబరులో హైకోర్టు ఆ కేసు కొట్టేసింది. చదువు చెప్పడంలో భాగంగా తీసే కాపీని 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ కాపాడుతుందని చెప్పింది. డిసెంబరులో డివిజన్ బెంచ్ కూడా ఆ సూత్రాన్నే నిలబెట్టింది. 2017లో ప్రచురణకర్తలు కేసు వదులుకున్నారు. ఆక్స్‌ఫర్డ్ వాడే దండం పెట్టి తప్పుకున్న చోట, మా కాలేజీ కాపలా కాస్తోంది.

దేనికి కాపలా? ఆ 214 పేజీల్లో సగం ఏ గైడులోంచి వచ్చాయో కోఠీలో పాత పుస్తకాలు తిరగేసినవాళ్లు పేజీ నంబరుతో చెబుతారు. ఎత్తుకొచ్చిన బిందెకు గొలుసు కట్టి 'దొంగలున్నారు జాగ్రత్త' అని బోర్డు పెట్టినట్టుంది. ఐఐటీలు 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ పాఠాలు ఎవరైనా దించుకోవచ్చు. బోస్టన్ పక్కనున్న ఎంఐటీ తన పాఠాలను 2001 నుంచే లోకానికి పంచుతానంది. తెరిచిపెట్టిన దుకాణాలు అవి. తాళాలన్నీ మా దగ్గరే.

ఇంతా చేసి అసైన్‌మెంట్ దగ్గరికి వచ్చేసరికి ప్రాచీన యుగం. తెర మీద చూసిన పాఠాన్ని ఏ4 కాగితం మీద చేత్తో రాయాలి. మార్జిన్ కొట్టాలి. రాసింది 'క్యామ్‌స్కాన్' చేసి అప్‌లోడ్ చేయాలి. ఆ క్యామ్‌స్కానర్ యాప్‌ను ప్రభుత్వం 2020 జూన్‌లో 59 యాప్‌ల జాబితాలో పెట్టి నిషేధించింది, క్రియాపదాన్ని మాత్రం నిషేధించలేకపోయింది. అప్‌లోడ్ అయ్యాక, అయినట్టు వచ్చిన రసీదును ప్రింట్ తీసి, చేత్తో రాసిన ప్రతికి జతచేసి, స్పైరల్ బైండింగ్ చేయించి, ఆఫీసులో ఇవ్వాలి. అదేంటి సార్ అని మా పిల్ల అడిగిందట. "సాఫ్ట్ కాపీ మా రికార్డు కోసం, హార్డ్ కాపీ ఇన్‌స్పెక్షన్ కోసం" అన్నారట. చదువుకోవడానికి ఏ కాపీయో ఆయనా చెప్పలేదు, ఈ పిల్లా అడగలేదు.

మొన్న పెండ్లిపత్రికల పనుండి మళ్లీ షాపుకు వెళ్లాను. కంప్యూటర్‌లో 'సెమ్ 3' అని ఫోల్డరు కనిపించింది. మా పిల్ల ఫైళ్లు అందులోనే భద్రంగా ఉన్నాయి.

"ఇంకా తీసెయ్యలేదా తమ్ముడూ?"

"తీసేస్తే ఎట్టా అన్నా? పరీక్షలు కాంగనే పోర్టల్ బంద్ జేశిండ్రంట. తప్పినోళ్లంతా ఈడికే వస్తున్నరు. నిన్న మీ పిల్ల కాలేజీ సారు కూడా ఫోన్ జేశిండు. ల్యాప్‌టాప్ పాడైందంట, నోట్సు పోయిందంట, కొత్త బ్యాచ్‌కు చెప్పాలె, ఓ సెట్టు తీసిపెట్టమన్నడు."

తీసిపెట్టిన సెట్టు బల్ల మీదే ఉంది. పేజీపేజీకీ మూల నుంచి మూలకు మా మేనకోడలి రోల్ నంబరు. పదిహేడో పేజీ తిప్పి చూశాను. పెరుగు ప్యాకెట్ అక్కడే ఉంది.