గడువు రాసుకుని పుట్టినదాన్ని

నేను కుకీని. ఒక పేరు, ఓ పొడవాటి నంబరు, ఏ సైట్ తాలూకో, ఎప్పటిదాకా బతకాలో. నాలో ఉన్నది ఇంతే.

మా వంశానికి ఆద్యుణ్ణి 1994లో నెట్‌స్కేప్ ఇంజనీరు లూ మోంటుల్లి తయారుచేశాడు. అప్పట్లో వెబ్‌సైట్లకు జ్ఞాపకం లేదు. పేజీ మారితే మనిషిని మరిచిపోయేవి. బుట్టలో వేసిన సరుకు గుర్తుండాలని మమ్మల్ని పుట్టించారు. మీరు పేజీ పేజీకీ లాగిన్ కానక్కర్లేదంటే ఇప్పటికీ మావాళ్ల పుణ్యమే. నా కొలువు మాత్రం వేరు. నన్ను పంపింది ఓ ప్రకటనల కంపెనీ. చీరల సైట్లో, వార్తల సైట్లో, వంటల సైట్లో ఒకటే నంబరు చూపిస్తాను; మనిషి ఎటు తిరిగిందీ కంపెనీకి తెలిసిపోతుంది.

నేనున్నది విజయవాడలో ఓ డీటీపీ సెంటర్ కంప్యూటర్లో. అక్కడ పనిచేసే అమ్మాయి ఒకసారి వెట్ గ్రైండర్ ధర చూసింది. ఇక శుభలేఖ డిజైన్లు వెతికినా గ్రైండరే, పంచాంగం తెరిచినా గ్రైండరే. విసిగిపోయి కొత్త బ్రౌజర్ల మీద పడింది.

ముందు బ్రేవ్. జావాస్క్రిప్ట్ సృష్టికర్త బ్రెండన్ ఐక్ పెట్టిన కంపెనీది. నన్ను మోసుకొచ్చే స్క్రిప్టునే గుమ్మంలో ఆపేసింది. తర్వాత టోర్. సమాచారాన్ని 3 రిలేల మీదుగా తిప్పి పంపుతుంది, మూసెయ్యగానే అన్నీ చెరిపేస్తుంది. పేజీ చుట్టూ బూడిదరంగు అంచు చూసి, "మానిటర్ పోయినట్టుంది సార్!" అని కేకేసింది అమ్మాయి. పోలేదు. విండో సైజును బట్టి ఎవరినీ ఆనవాలు పట్టకుండా టోర్ అందరికీ కొన్ని సైజులే ఇస్తుంది. అంతా బాగుంది గానీ మహా నిదానం. పైగా బ్యాంకు సైట్ లోపలికే రానివ్వలేదు.

చివరికి ఫైర్‌ఫాక్స్‌లో కుదురుకుంది. మా కంపెనీ దాని నిషేధ జాబితాలో లేదు కాబట్టి నాకు చోటు దొరికింది. అయితే ఏం లాభం? 2022 నుంచి అందులో ఏ సైట్ కుకీలు ఆ సైట్ జాడీలోనే. చీరల దగ్గర నాకో నంబరు, వార్తల దగ్గర మరొకటి. నన్ను నేనే గుర్తుపట్టలేను! సఫారీ 2020లోనే మాలాంటివాళ్లకు తలుపు మూసింది. క్రోమ్ నుంచి మమ్మల్ని సాగనంపుతామని అదే ఏడాది ప్రకటించిన గూగుల్, 2024లో మనసు మార్చుకుంది.

గ్రైండర్ పీడ వదిలిందని ఆ అమ్మాయి సంబరం. కానీ నాకో దాయాది ఉన్నాడు, ఫింగర్‌ప్రింటింగ్ అంటారు. కంప్యూటర్లో ఏదీ దాచడు, కాబట్టి చెరపడానికీ ఏమీ దొరకదు. స్క్రీన్ సైజు, టైమ్ జోన్, ఫాంట్ల పట్టీ కలిపి మిషన్‌ని పోల్చుకుంటాడు. అను ఫాంట్లు, పోతన, మండలి అన్నీ ఎక్కించిన డీటీపీ కంప్యూటర్‌ని పోల్చుకోవడం అతనికెంత పని? ఈ విషయంలో టోర్ నిజంగా గట్టిది, మిగతావి కొంత మేరకే.

మీ బ్రౌజర్ సంగతి తెలుసుకోవాలంటే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ వారి 'కవర్ యువర్ ట్రాక్స్' పేజీ తెరిచి పరీక్ష నొక్కండి. పైసా ఖర్చు లేదు.